గాజుకి చీమలు పట్టిన రోజు

“బ్లెస్సన్! ఈ హైదరాబాదులో నేరస్థులు ఇంకా నవ్వుకుంటూ తిరుగుతున్నారంటే దానికి కారణం ఒక్కటే. ఈ వీరభద్రం ఇంకా లుంగీ విప్పి ప్యాంటు తొడగలేదు!”

కృష్ణానగర్‌లోని మా అద్దెగది నడిమధ్య నిలబడి, ఒక చేత్తో భూతద్దం, ఇంకో చేత్తో జారిపోతున్న లుంగీ పట్టుకుని వాడు చేసిన ప్రకటన ఇది. వాడు తినగా మిగిలిన ఉప్మా నేను తింటున్నాను. ఇలాంటి ప్రకటనలు మా గదిలో కుళాయి నీళ్లకన్నా క్రమం తప్పకుండా వస్తాయి కాబట్టి తలెత్తలేదు.

వీరభద్రం వృత్తి శవం. అంటే, సినిమాల్లో శవంగా పడుకుంటాడు. రైలు పట్టాల మీద, బావిగట్టున, కారు డిక్కీలో, ఎక్కడ పడుకోబెట్టినా కనురెప్ప కదపడు. ‘యాక్షన్’ అన్న మాట చెవిన పడితే చాలు, ఉన్నవాడు ఉన్నచోటే దబ్బున పడిపోతాడు. ‘కట్’ అనేదాకా లేవడు. ఓసారి కూరగాయల బజారులో ఎవరో షూటింగు కబుర్లలో ఆ మాట అన్నారు. మావాడు టమాటాల గంపలో పడ్డాడు. నేను వెళ్లి ‘కట్’ అనేదాకా టమాటాలావిడ గుండెలు బాదుకుంటూనే ఉంది.

డిటెక్టివ్ పిచ్చి కూడా ఆ వృత్తిలోంచే పట్టుకుంది. “పోలీసులు, డిటెక్టివులు అందరూ నా సుట్టే గదరా నిలబడి మాట్లాడుకునేది! ఒక్కో డిటెక్టివ్ తన కేసే సూస్తడు. నేను అందరి కేసులు కిందికెల్లి సూసిన!” అంటాడు. వాడి మామూలు మాట ఇదే. పరిశోధన మొదలైతే మాత్రం గొంతు బరువెక్కి పాత సినిమా డైలాగులోకి దిగుతుంది.

నా సంగతి చెప్పలేదు కదూ. గ్రూపు డబ్బింగులో నేను జనాన్ని. ‘అడుగో, పట్టుకోండి!’ ‘అయ్యో, ఎంత ఘోరం!’ అని తెర వెనక అరిచే గుంపులో ఒక గొంతు నాది. ఇంట్లో వీడితో బతకడానికి ఆ రెండో ముక్క బాగా పనికొస్తుంది.

ఆ ఉదయం ఫోను చేసింది శ్యామలాదేవి గారు. ఒకప్పుడు తెరమీద ప్రతి హీరోకీ ఆవిడే అమ్మ. ఒక సినిమాలో వీరభద్రం ఆవిడ ఒళ్లో శవం. ఆవిడ కార్చిన కన్నీళ్లు ముక్కులోకి పోయినా వీడు తుమ్మలేదు. అప్పట్నుంచీ వీడంటే ఆవిడకి గొప్ప గురి.

“ఘోరం జరిగింది నాయనా. నా గాజు గదిలో చీమలు. వెంటనే రా.”

వీడు ఫోను పెట్టేసి నావైపు తిరిగాడు. “ఘోరం అన్నారు. రాసుకో బ్లెస్సన్.”

“చీమలు అని కూడా అన్నారుగా?”

“అది ముఠాల రహస్య భాష, పిచ్చివాడా!”

జూబ్లీహిల్స్‌లో ఆవిడ ఇల్లు కొండరాయిని ఆనుకుని ఉంటుంది. తోటి నటులు స్థలాలు, నగలు కొనుక్కుంటున్న రోజుల్లో ఆవిడ గాజు ఫ్లవర్‌వాజ్‌లు కొనుక్కున్నారు. అవీ పాతవి, చేత్తో చేసినవి. ఒక గదినిండా అవే. నెమలి మెడలా రంగులు మారేవి, పొర మీద పొర పోసి తీగలు చెక్కినవి, ఊదుతూ మెలితిప్పిన చారలవి. ఎవరొచ్చినా ఒకదాన్ని తిప్పి అడుగుభాగం చూపిస్తారు. “ఇదిగో, దీని బొడ్డు. ఊదినవాడు గాజుని ఇనప కమ్మీ నుంచి విరిచిన మచ్చ. మనిషి చేతిలో పుట్టినదానికే ఇది ఉంటుంది” అని మురిసిపోతారు.

గది మధ్యలో తేనెరంగు బొహీమియా వాజ్. అప్పుడెప్పుడో పాట షూటింగుకి ప్రేగ్ వెళ్లినప్పుడు పాతసామాన్ల సంతలో దొరికింది. ఆవిడా, ఆవిడకి హెయిర్‌డ్రెస్సర్‌గా వెళ్లిన తెరెసా ఆంటీ కలిసి ఏరిన వాజ్ అది. సామాన్లలో వేస్తే పగులుతుందని విమానంలో వంతులు వేసుకుని ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. సినిమాలు తగ్గిపోయాక జడలు వేసే పనీ తీరిపోయింది. తెరెసా ఆంటీ మాత్రం వెళ్లలేదు. ఆ ఇంట్లోనే ఉండిపోయారు.

ఇప్పుడు వెళ్లిపోతున్నారు. మేం లోపలికి అడుగుపెట్టేసరికి హాల్లో సంచి సర్దుకుని కూర్చున్నారు. 

“గాజు గదిలోకి తినేది ఏదీ రాకూడదని మా ఇంట్లో నియమం” అని శ్యామలాదేవి గారు నన్ను పక్కకి పిలిచి చెప్పారు. “తెరెసాకేమో జీళ్ల పిచ్చి. నిన్నట్నుంచి అద్దాల బీరువా నిండా చీమలే. నా కళ్లు మసకేశాయని దొంగచాటుగా తింటున్నావా అనేశాను. అనకూడదు, అనేశాను. అది చెల్లెలు హెలెన్ దగ్గరికి, మధురానగర్ పోతానంటోంది. అక్కడికి పోతే ఇక తిరిగి రాదు బ్లెస్సన్. అభిమానం మనిషి. ఆ చీమల సంగతేదో తేలితే ఆగుతుందేమో.”

“మరి ఈమధ్య గదిలోకి బయటివాళ్లు ఎవరైనా వచ్చారా?” అని అడిగాను.

“ఎవరూ రాలేదు. తేనెరంగుదాన్ని మాత్రం షూటింగుకి అరువిచ్చాను. నిన్న ఆర్ట్ అసిస్టెంటు సుహాస్ మళ్లీ తెచ్చి, తనే బీరువాలో పెట్టి వెళ్లాడు. నేను భూతద్దంతో చూసే తీసుకున్నాన్లే. నా సామాను గడప దాటితే బొడ్డు పక్కన కాటుకతో దిష్టిచుక్క పెడతాను. చుక్క ఉంది. నాదే.”

ఈలోగా వీరభద్రం హాల్లో విచారణ మొదలెట్టేశాడు.

“తెరెసా గారూ! నిన్న సాయంత్రం మీరెక్కడున్నారు?”

“చర్చిలో.”

“సాక్షి?”

“ప్రభువే.”

“ఆయన్ని ఇక్కడికి రప్పించగలరా?”

“ఆయన రాకడ కోసమే అందరం ఎదురుచూస్తున్నాం బాబూ. వచ్చాక నిన్నే ముందు పిలుస్తాడులే.”

నేను వాణ్ణి రెక్క పట్టుకుని గాజు గదిలోకి లాక్కెళ్లాను. చీమలు బారులు తీరి ఉన్నాయి, ఒక కొస బీరువాలో, ఒక కొస కిటికీ బయట. బుర్ర ఉన్నవాడెవడైనా బీరువావైపు వెళ్తాడు. వీడు కిటికీలోంచి దూకి, చీమల వెంట తోటంతా పాకి, ప్రహరీ దగ్గర మందారం మొదట్లో తల దూర్చి వచ్చాడు.

“ముఠా తూర్పువైపు నుంచి వచ్చింది!”

“అది చీమల పుట్ట.”

“పుట్ట కాదు, స్థావరం! అర్థం కావడం లేదా బ్లెస్సన్? ఈ చీమలకి తర్ఫీదు ఇచ్చారు. ముందు చీమలు వచ్చి గదిలో దారులు చూసి వెళ్తాయి. వెనకాల అంతర్జాతీయ గాజు దొంగలు దిగుతారు!”

శ్యామలాదేవి గారు పాపం నిజంగానే భయపడి కిటికీ మూసేశారు. వీడు బీరువా తలుపు తీసి, భూతద్దం పెట్టుకుని తేనెరంగు వాజ్ మీదికి వంగాడు. బయట ముసురు పట్టి ఉంది. వాజ్ ఒళ్లంతా తడితడిగా మెరుస్తోంది.

“చూశావా, చెమట! తప్పు చేసినవాడికే చెమట పడుతుంది.”

“గాజుకి చెమటేమిట్రా?” అన్నాను. నిజంగా అప్పుడైనా ఆ ప్రశ్న దగ్గర ఆగి ఉండాల్సింది. ఆగే తీరిక లేకపోయింది. తర్ఫీదు పొందిన చీమ ఒకటి వీడి ప్యాంటులోకి దూరింది.

“అమ్మో! సచ్చిన్రా బ్లెస్సన్! లోపటికి పోయిందిరా!” డైలాగు ఎగిరిపోయింది, వీడూ ఎగిరాడు. మోచెయ్యి తగిలి వాజ్ కింద పడింది. పటుక్కున ముక్కలైంది.

 శ్యామలాదేవి గారు గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుండిపోయారు. సినిమాల్లో అంతంత ఏడుపులు ఏడ్చిన మనిషి, ఒక్క కన్నీటిబొట్టు కూడా రాల్చకుండా ఆ ముక్కల వంకే చూస్తున్నారు. హాల్లోంచి తెరెసా ఆంటీ పరుగెత్తుకొచ్చి పక్కన కూలబడి ఆవిడ చెయ్యి పట్టుకున్నారు. “పోన్లెండి మేడమ్. పోన్లెండి. మనం ఉన్నాంగా” అంటున్నారు. సంచి సర్దుకున్న మనిషి అన్న ఆ మాటకి నాకు కళ్లు తడయ్యాయి.

వీరభద్రం ముక్కలు ఏరుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడుస్తూ మూతి తుడుచుకున్నాడు. ఏడుపు టక్కున ఆగింది. వేలు నాకాడు. ఇంకోసారి నాకాడు.

“తియ్యగున్నది... విషం! తియ్యటి విషం!” అని నేలమీద వెల్లకిలా పడుకుని చేతులు చాపేశాడు. “నా ఆఖరి మాట రాసుకో బ్లెస్సన్...”

నేనో ముక్క నాలిక్కి తగిలించాను. ఇది గాజు కాదు. ముసురుకి చెమర్చిన ముదురు పంచదార పాకం! ఫైటింగుల్లో తలమీద పగలగొట్టే సీసాలు, వాజ్‌లు ఇలాగే పోస్తారు, ఎవరికీ గుచ్చుకోకుండా. అంటే మా ముందు పగిలింది డూప్. చీమలు వచ్చింది దీనికోసం. తెరెసా ఆంటీ ఏ పాపం ఎరగరు.

“అయితే నాదేదీ?” శ్యామలాదేవి గారు సుహాస్‌కి ఫోను చేసి, అందరికీ వినపడేలా పెట్టారు.

“అమ్మా, నేనే చేద్దామనుకుంటున్నా!” వాడి గొంతు సంతోషంతో పొంగిపోతోంది. “మీ వాజ్‌కి డూప్ ఎంత బాగా కుదిరిందో మీకు చూపిద్దామనుకున్నా. పక్కపక్కన పెడితే నాకే తేడా తెలీలేదు! బొడ్డు, దాని పక్కన కాటుకచుక్క కూడా దింపేశా. కంటిన్యుటీ తప్పకూడదు కదమ్మా! ఇప్పుడే హీరోయిన్ విసిరి పగలగొట్టే షాటు. ఫోన్లు ఆపమంటున్నారు, ఉంటానమ్మా.”

ఫోను ఆగిపోయింది. దిష్టి తగలకూడదని పెట్టిన చుక్కని కూడా డూప్‌కి పెట్టే జాగ్రత్త ఫిల్మ్‌నగర్‌లో తప్ప ఇంకెక్కడ ఉంటుంది? చుక్క చూసుకుని ఆవిడ డూప్‌ని ఇంట్లో పెట్టుకున్నారు. అసలుది పగలడానికి సిద్ధంగా అక్కడ ఉంది.

నేను ‘కట్’ అని అరిచి వీరభద్రాన్ని విషం నుంచి బతికించాను. నలుగురం రోడ్డుమీదకి పరుగెత్తి ఆటో ఎక్కాం. కంగారులో తెరెసా ఆంటీ సంచి కూడా చేత్తోనే పట్టుకొచ్చేశారు. వీరభద్రం డ్రైవరు పక్కన ఇరుక్కుని, “అన్నా, జర తొందరగ పోనియ్యి, ఒక ప్రాణం పోతున్నది!” అన్నాడు.

“ఎవలికేమైందే?”

“ఫ్లవర్‌వాజ్‌కి!”

డ్రైవరు వాణ్ణి ఎగాదిగా చూశాడు. అయినా వెనక ఇద్దరి మొహాలు చూసి కాబోలు, సందుల్లోంచి రయ్యిన తీసుకెళ్లాడు.

సెట్‌లో బంగళా హాలు వేశారు. మెట్లపైన హీరోయిన్ వర్ణిక, రెండు చేతులతో తేనెరంగు వాజ్ ఎత్తి పట్టుకుని ఉంది. కింద హీరో తప్పుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. డైరెక్టరు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని మానిటర్‌లో తల పెట్టాడు. మమ్మల్ని సెట్ చుట్టూ కట్టిన తాడు దగ్గరే ఆపేశారు. వీరభద్రం మాత్రం తాడు కింద నుంచి దూరి సెట్ మధ్యలోకి ఉరికాడు.

“ఆపండి! ఈ ఘోరాన్ని ఆపండి! నేనుండగా ఇక్కడ ఒక్క గాజుముక్క కూడా...”

“యాక్షన్!” అన్నాడు డైరెక్టరు, తల ఎత్తకుండానే.

దబ్బుమని శవం పడింది. సరిగ్గా మెట్ల కింద, వెల్లకిలా, చేతులు చాపి, డైలాగు మధ్యలో. హీరో హడలిపోయి పక్కకి గెంతాడు. వర్ణిక చేతుల్లోంచి వాజ్ అప్పటికే జారిపోయింది. తిరుగుతూ, మెరుస్తూ వచ్చి మావాడి బొజ్జ మీద పడింది. ఉప్మాతో నిండిన ఆ బొజ్జ ఒకసారి లోపలికి పోయి పైకి లేచింది. వాజ్ ఎగిరి, ఊగి, నిలబడింది. ఊదినవాడు పెట్టిన బొడ్డు సరిగ్గా వీరభద్రం బొడ్డు మీద కూర్చుంది. శవం కనురెప్ప కూడా కదపలేదు.

 శ్యామలాదేవి గారు ఎవరినీ అడగకుండా లోపలికి నడిచివెళ్లి వాజ్ తీసుకుని, గోటితో మెల్లగా కొట్టారు. ‘ణంగ్’ అని సన్నగా, చాలాసేపు మోగింది. సుహాస్ మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆవిడ మాత్రం వాడి బుగ్గ తట్టి, “నా కళ్లనే మోసం చేశావంటే గొప్ప పనివాడివిరా. ఈసారి మాత్రం చుక్క వదిలెయ్” అన్నారు.

ఆటో బయటే ఆగి ఉంది. ఆవిడ ఎక్కి కూర్చుని, తెరెసా ఆంటీ వైపు వాజ్ చాపారు.

“విమానం దిగేటప్పుడు ఆఖరి వంతు నాది. ఇప్పుడు నీ వంతు. పట్టుకో.”

“చేతిలో సంచి ఉంది మేడమ్.”

“సంచి ఇలా ఇవ్వు. అది నేను పట్టుకుంటా.” సంచి లాక్కుని ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ చుట్టేశారు. “నేను నిన్ను అనకూడని మాట అన్నాను తెరెసా. ఇంక ఈ సంచి నీకు ఇవ్వను.”

తెరెసా ఆంటీ వాజ్ ఒళ్లో పెట్టుకుని, చీరచెంగుతో ఒకసారి దాని మూతి తుడిచారు, ఒకసారి తన కళ్లు తుడుచుకున్నారు. కాసేపటికి ఇంటికి వెళ్తూ దారిలో జీళ్లు కొనాలా వద్దా అని ఇద్దరూ పోట్లాడుకోవడం మొదలెట్టారు. హమ్మయ్య అనుకున్నాను.

చెక్‌పోస్ట్ దగ్గర సిగ్నల్ పడ్డాక గుర్తొచ్చింది, డ్రైవరు పక్కన సీటు ఖాళీ. అయ్యో, ఎంత ఘోరం! ఆ గందరగోళంలో ఎవరూ ‘కట్’ అనలేదు.

నేను ఇంకో ఆటో పట్టుకుని వెనక్కి పరుగెత్తాను. యూనిట్ భోజనాలకి పోయింది. లైట్లు ఆర్పేసిన సెట్‌లో, మెట్ల కింద, శవం ఒంటరిగా పడి ఉంది. చొక్కాకి అంటిన పాకం కోసం ఒక చీమ మెడ మీదుగా నడుస్తోంది. మనిషిలో చలనం లేదు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన వాడంటే నాకు గర్వం వేసింది.

“కట్” అన్నాను.

ఒక కన్ను తెరుచుకుంది. “దొరికిందా?”

“దొరికింది. ఆంటీ కూడా ఇంటికే వెళ్లారు.”

“ఎట్ల పట్టిన్రా నేను?”

“పొట్టతో.”

వాడు లేచి కూర్చున్నాడు. చీమని దులుపుకున్నాడు. భూతద్దం తీసి నావైపు చూశాడు. గొంతు మళ్లీ బరువెక్కింది.

“రాసుకో బ్లెస్సన్. కానీ పొట్ట అని రాయకు. బుర్ర అని రాయి.”