మా ఊళ్లో అందరికీ కాళ్ల మంటలే

మా ఊళ్లో దిగులన్నది లేదు! నమ్మరా? కెనడాలోని సస్కాచెవాన్‌లో ఆర్నెల్లు మంచు కరగని ఊరు మాది. అయినా ఒక్క మగాడు కూడా దిగులుగా ఉందన్న పాపాన పోలేదు.

అంతా ట్రైసైక్లిక్ మాత్రల చలవ. పాతకాలపు దిగులు మందులివి. నోరెండుతుందని, మలబద్ధకమని, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయని వీటిని ఆడిపోసుకుంటారు. కానీ ఇవి నరాల మంటకీ పనిచేస్తాయి! అంటే మింగేవాడు ఎందుకు మింగుతున్నాడో పక్కవాడికి తెలియదు. కొత్త మందులకి ఇంత మర్యాద తెలుసా?

పొద్దున్నే కర్లింగ్ రింకులో, అంటే మంచుగడ్డ మీద బరువైన రాళ్లు జార్చి ఆడే చోట, కాఫీకి ముగ్గురం చేరతాం. ఆర్విడ్‌ది అమిట్రిప్టిలిన్. నాదీ, లోర్న్‌దీ నార్‌ట్రిప్టిలిన్. అమిట్రిప్టిలినే ఒంట్లో చేరాక కొంత నార్‌ట్రిప్టిలిన్‌గా మారుతుంది కనుక మా మందు వాడి మందుకి కొడుకు వరస. తండ్రి గుణాలన్నీ వచ్చాయి, మత్తూ నోరెండటమూ కాస్త తక్కువ. ముగ్గురికీ కాళ్ల మంటలే.

"నీది మరీ మత్తు సరుకురా ఆర్విడ్! నిన్న ఆట మధ్యలో రాయి మీద వాలి గురక పెట్టావు," అన్నాను.

"నీది తేలిక సరుకు. అందుకే ఇంకా వాగుతున్నావు. నా నాలుక అంగిలికి అతుక్కుపోయి మా ఆవిడ పండగ చేసుకుంటోంది!"

మరి భద్రత? మోతాదు మించితే గుండెకే ముప్పు. అందుకని మా వయసువాళ్లకి ముందే ఈసీజీ తీస్తారు, మాత్రలు కొద్దికొద్దిగా ఇచ్చి మళ్లీ మళ్లీ రమ్మంటారు. ఎంత బాగుందో చూడండి! మనకో గుండె ఉందని కాగితం మీద రుజువు, మన మొహం చూడటానికి ఒక మనిషి.

మొన్న ఆర్విడ్ మామూలుగానే అడిగాడు. "ఏరా లోర్న్, మంట తగ్గిందా?"

లోర్న్ కప్పు కింద పెట్టాడు. "కాళ్లకేం కాలేదురా. డోరీన్ పోయినప్పట్నుంచి ఇంట్లోకి వెళ్లబుద్ధి కావట్లేదు. బండిలోనే కూర్చుంటున్నాను. డాక్టరు ముందు ఆ మాట నోటికి రాక కాళ్లన్నాను."

కాళ్లకిచ్చే మోతాదు చిటికెడు. దిగులుకి అది ఏ మూలకీ చాలదు. అంటే పెళ్లాం పోయిన మనిషి శీతాకాలమంతా బాగున్న కాళ్లకి వైద్యం చేయించుకున్నాడు! రోజూ ఎదురుగా కూర్చుని మేం వాడి పాదాల క్షేమం కనుక్కుంటున్నాం.

వాణ్ణి ఆర్విడ్ ట్రక్కులో ఎక్కించుకుని అప్పటికప్పుడు క్లినిక్కుకి తీసుకెళ్లాం. మా డాక్టరు చిన్నపిల్ల. ముగ్గుర్నీ చూసి, "ఎవరికి బాగాలేదు?" అంది.

"నాకమ్మా," అన్నాడు లోర్న్. "చాలా దిగులుగా ఉంది."

ఆమె కంప్యూటర్ పక్కకి తోసి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. వాడు చాలాసేపు మాట్లాడాడు, ఏడ్చాడు, చివర్లో ఒకసారి నవ్వాడు కూడా. వాణ్ణి చూస్తే నాకు అసూయ పుట్టింది.

తర్వాత ఆమె మా ఇద్దరి వైపూ తిరిగింది. "మరి మీకు?"

ఆర్విడ్ నన్ను చూశాడు. నేను ఆర్విడ్‌ని చూశాను.

"కాళ్లేనమ్మా," అన్నాం.