మట్టయ్య మీనరక్షణము

నదులు కట్టలు తెంచుకొని కర్నూలు పట్టణమును మిద్దెల దాక ముంచిన మహాప్రవాహమునకు రెండవ యేట, భాద్రపద మేఘములు మూసీ మీద మూలుగుచుండగా, ప్రత్యేక రాష్ట్రమునకై సకలజనులును సమ్మె కట్టి బస్సుల చక్రములను, బడుల గంటలను, కచేరీల కలములను ఏకకాలమున నిలిపిన ఆ ఘనకాలమున, దిల్‌సుఖ్‌నగరుకు తూర్పున, ఎల్‌బీ నగరుకు పడమర, గడ్డిఅన్నారపు బత్తాయి వాసనయు చైతన్యపురి హాస్టళ్ల సాంబారు వాసనయు ఒండొంటితో పెనగులాడు ఒకానొక సందులో, రెండంతస్తుల సొంతయింటి సార్వభౌముడును, ముప్పదియేండ్లుగా ఎర్రబస్సును నడుపుచున్న స్టీరింగు చక్రధరుడును, మితభాషియు, నల్లగొండ పల్లె నుండి వచ్చినవాడును నగు మట్టయ్య, చేయుటకు పనిలేక కూర్చుండెను.

పనిలేని వీరుని చేతులు ఊరకుండవు. ఒకనాడు దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద, ప్లాస్టిక్ సంచులలో వ్రేలాడుచు కనకకాంతులు చిమ్ముచున్న చేపలను గాంచి, ఒకదానిని కొని తెచ్చి, గాజుగిన్నెలో వేసి, మెట్ల పక్క కిటికీలో ప్రతిష్ఠించెను. అది మూడునాళ్లు నిండకయే వెల్లకిల పడెను. మరియొకటి తెచ్చెను. అదియు వెల్లకిల పడెను. మూడవదియు అక్కల దారినే పోయెను. పెరటి జామచెట్టు మొదట మూడు సమాధులు వెలసెను.

మూడవ సమాధికి మన్ను కప్పుచుండగా, పై అంతస్తున కిరాయికుండు ఉపేంద్రుడు, గోదావరీ తీరసంజాతుడు, బ్యాంకు ఉద్యోగి, చేత పేపరుతో మెట్లు దిగి వచ్చెను.

“మళ్లీ పోయిందా మట్టయ్యగారూ?”

“పోయింది సారూ.”

“రాష్ట్రం ఇచ్చేస్తే మేమే నడుపుకుంటామంటున్నారు. మరి చేప మూడు రోజులు కూడా నడవట్లేదు కదండీ.”

నవ్వుచు విడిచిన బాణమే. అయినను బనీను చీల్చుకొని, ఎముకలు దాటి, ముప్పదియేండ్లలో ఏ ప్రయాణికుని తిట్టును తాకని చోట తాకెను. మట్టయ్య చేతి మన్ను దులుపుకొనెను. ఆ సాయంకాలమే నాలుగవ చేపను తెచ్చెను. దాని తోక మీద ఒక నల్లచుక్క కలదు. ఇక అది చేప కాదు. అది ఆత్మగౌరవము. అది పది జిల్లాల పరువు.

“అండాలూ,” అని ధర్మపత్నిని పిలిచి, మేఘగంభీరస్వరమున నిట్లు ప్రతిన బూనెను: “ఇది గిన సస్తే, పైన సారు ముందట నేను తలకాయ ఎత్తలేను. సమ్మె అయిపోయినంక బస్సెక్కి కూసోవాలన్నా నాకు మొఖం ఉండది.”

“నేను సూసుకుంట తీ. నువ్వు పరేషాన్ గాకు,” అని అండాలమ్మ అభయమిచ్చెను.

అండాలమ్మ శుభ్రతావ్రతమును ఎరుగనివారు ఆ సందులో లేరు. నిన్నటి నీళ్లు పాచి నీళ్లు. పాచి నీళ్లు ఆ గడపలో మనిషికి గాని మొక్కకు గాని దక్కవు. రోజు విడిచి రోజు తెల్లవారుఝామున నల్లా వచ్చును. వచ్చిన క్షణమే ఆమె గాజుగిన్నెలోని పాతనీటిని చుక్క మిగులకుండ పారబోసి, చింతపండుతో గిన్నెను తళతళలాడ తోమి, తొలిధారను నిండుగ పట్టి, చేపను అందులో దించును. మధ్యాహ్నమునకు చేప వెల్లకిల పడును. ఇంత సేవ చేసినను దక్కనిది దాని కర్మమని ఆమె కండ్లొత్తుకొనును.

నాలుగవ చేపకు ఆ సేవ దక్కకమునుపే బొగ్గు బావులును సమ్మె కట్టెను. కరెంటు కరువయ్యెను. నల్లా ఎండెను. వారము దినములు నీటి డ్రమ్ములు అడుగంటుచుండగా, చేపను పట్టించుకొనువారు లేకపోయిరి. అయినను అది పచ్చబారిన పాచి నీటిలో, పెండ్లివారింటి మేనమామ వలె కులాసాగా తిరుగుచుండెను. మట్టయ్య దానిని చూచెను. ఎండిన నల్లాను చూచెను. జామచెట్టును చూచెను. మూడు చావులును నల్లా వచ్చిన దినముననే కదా యని, మెల్లగా, మొదటి గేరులో, ఆయన బుద్ధి కదలెను.

మరునాడు వేకువన నల్లా బుస్సుమనెను. అండాలమ్మ కొంగు బొడ్డున దోపి, కుడిచేత గాజుగిన్నెయు ఎడమచేత చింతపండు పీచును ధరించి, జలదుర్గము మీదికి దండు వెడలెను. లుంగీ ఎగగట్టి, చేతులు బారజాపి, మట్టయ్య త్రోవకడ్డముగ నిలిచెను.

“ఆగు.”

“ఏంది ఆగేది? జర పక్కకు జరుగు. నల్లా బందయితది.”

“గిన్నె కింద పెట్టు. దాన్ని సంపుతున్నది నువ్వే.”

ఉభయసేనలును ఎక్కడివక్కడ నిలిచెను. నల్లా మాత్రము కారుచుండెను.

“నేనా?” అనెను అండాలమ్మ. “తోమి, కడిగి, బాలింతకు చేసినట్టు చేస్తి. వారం సంది పాచి నీళ్లల్ల పడున్నది పాపం. ఇంటికి సుట్టాలొస్తె పాచి నీళ్లిస్తమా మనం? మనుషులమేనా?”

“సుట్టం గాదే, చాప. గా బకెట్ల ముక్కు పెట్టి సూడు.”

ఆమె వంగెను. తాజాధార నుండి బిలీచింగ్ ఘాటు లేచి నాసికాద్వారములను భేదించెను. ఆమె తుమ్మిన తుమ్ముకు ఎదురింటి కుక్క లేచి కూర్చుండెను.

“మనకే గిట్లుంటే, గది దినమంత అండ్లనే కండ్లు తెరుసుకోని ఉండాలె,” అనెను మట్టయ్య. ఆయన ఆమెకు ఎదురాడుట పెండ్లయిన నాటినుండి ఇదే మొదలు.

“అయితే ఏం జెయ్యాలె?”

“బకెట్ల పట్టి రేపటిదాంక ఎండకు పెడుదాం. వాసన పోతది. అప్పుడు సగం తీసి సగం పోద్దాం.”

“అంటే పాచిగైనంక పోద్దామంటవు.”

“ఆ.”

అండాలమ్మ గాజుగిన్నెను కింద దించెను. అటుపిమ్మట చింతపండు పీచును నేల జారవిడిచెను. సంధి కుదిరెను.

చేప బ్రతికెను. బతుకమ్మలు నీట కలిసెను, దసరా వచ్చి పోయెను, చేప బ్రతికియే యుండెను. ఒక ఆదివారము మట్టయ్య గాజుగిన్నెను రెండు చేతుల నెత్తుకొని, నీరు తొణకకుండ, గర్భిణీస్త్రీని ఎక్కించుకొన్న బస్సును నడిపినట్లు మెట్లెక్కి, ఉపేంద్రుని పేపరు మీద దించెను.

ఉపేంద్రుడు వంగి చూచెను. “బావుందండీ. కానీ ఇది అదేనా, మళ్లీ కొత్తది తెచ్చారా?”

వీరుని గుండె జారెను. లోకములోని బంగారు చేపలన్నియు ఒక్క తీరుననే యుండును, సాక్ష్యమెవ్వరు చెప్పుదురు? అప్పుడు వంటింటి నుండి ఉపేంద్రుని తల్లి కోటేశ్వరమ్మ చేయి తుడుచుకొనుచు వచ్చెను.

“అదేరా. తోక మీద చుక్క చూడు. మెట్లు దిగినప్పుడల్లా ఇడ్లీ ముక్క వేస్తున్నాగా, నాకు తెలీదూ?”

“ఇడ్లీయా అమ్మా?” అనెను మట్టయ్య.

“అవునన్నయ్యగారూ. మీరేసే ఆ ఆవగింజలంత మేత దానికెక్కడ సరిపోతుంది, పాపం.”

ఉపేంద్రుడు పేపరు మడిచెను. “సరే మట్టయ్యగారూ, ఒప్పుకున్నాను. నడుపుకోండి.”

ఇట్లు నల్లగొండ వంశవర్ధనుడు, పాచిజల పరిరక్షకుడు, కళత్రవిజయి, ఇడ్లీశర వర్షమును సైతము తెలియకయే తట్టుకొన్న మహావీరుడు మట్టయ్య, బొటనవ్రేలంత ప్రాణిని ఒక్కదానిని చావకుండ కాపాడి, పది జిల్లాల పరువు నిలిపెను. దిక్కులు మారుమ్రోగలేదు గాని, మెట్లు దిగునప్పుడు ఆయన కొంచెము ఈల వేసెను.

మరునాటి ఉదయమున అందరికంటె ముందు లేచి, వంటింటిలో నుండి గంజి వార్చు, గాలి దూరును గాని ఇడ్లీ దూరని చిల్లుల సిబ్బిని తెచ్చి, గాజుగిన్నె మీద బోర్లించి, పక్కన కుర్చీ వేసికొని కూర్చుండెను. కొంతసేపటికి, నా సిబ్బి ఏది, అన్నమెట్ల వార్చాలె అని లోపలినుండి అండాలమ్మ అడుగుట వినవచ్చెను. మట్టయ్య కుర్చీని గిన్నెకు మరికొంచెము దగ్గరగా జరుపుకొనెను.