ధర్మరాజు పడిన విధము

స్వస్తి! ఎండ ప్రతాపము సడలి, పావురముల గుంపులు నీళ్ల ట్యాంకులపై వాలుచున్న ఒకానొక ఆదివార సాయంసమయమున, సికిందరాబాదు మహానగరాంతర్గత పద్మారావునగరమునందలి మేడమీద, గంజి పట్టించి శూలములవలె నిలిపిన కేశపాశముతో, దుప్పటియే ఉత్తరీయముగా, సమరోన్ముఖియై నిలిచెను హిమజ. జపానువారి బొమ్మల సినిమాలలోని యుద్ధగాథలకు పేరడీ చిత్రము తీసి మరునాటి కాలేజీ పోటీకి పంపవలెనన్నది ఆ వీరనారి ప్రతిజ్ఞ. చిత్రమంతయు ముగిసినది, ప్రతినాయకుడొక్కడు చావవలసియున్నది.

వాడే చావకుండెను!

ఆ ప్రతినాయకుడు పక్క పోర్షనులోని ధర్మరాజు. భీమవరమునుండి వచ్చిన కుటుంబమువాడు. చిత్రీకరణకు ఫోను వానిదే. గల్లీ క్రికెట్టున బ్యాటు గలవాడు ఔటగుట ఎక్కడనైనను కలదా? హిమజ అరచేతులు జోడించి అగ్నికిరణాస్త్రమును ప్రయోగించిన ప్రతిపర్యాయము, అతడు మోచేతితో ఈగను తోలినట్లు దానిని తోలివేయుచుండెను.

"ఓరి దురాత్మా! లోకకంటకా! నేలకూలుము!" అని గర్జించెను హిమజ.

"ఎహె, నేనెందుకు పడతాను? ఫోను నాదైతేనూ!" అనెను ధర్మరాజు తొణకక.

ఛాయాగ్రహణధురంధరయగు హిమజ నాయనమ్మ అనసూయమ్మ, ప్లాస్టిక్ కుర్చీపై ఆసీనయై, ఫోను ఎత్తిపట్టి, "జెర జల్ది సావు బిడ్డా! చెయ్యి గుంజుతున్నది" అని మొరపెట్టెను.

సూర్యుడు ఎదురింటి వెనుకకు జారుచుండెను. చెమటకు గంజి కరిగి శూలమొక్కటి నుదుటిపై వాలెను. వేసవియంతయు పడిన కష్టము మట్టిపాలగునేమోయని హిమజకు నిజముగనే ఏడుపు వచ్చెను. అయినను బలము చెల్లనిచోట ఉపాయమే ఆయుధము గదా! కన్నులు తుడుచుకొని, గొంతు పెంచి, ఇట్లు పలికెను:

"నాయనమ్మా, ఇగ వీన్ని ఇడిసిపెట్టు. సచ్చే సీన్ మొత్తం స్లో మోషన్ల, క్లోజప్‌ల పెడదామనుకున్న. కింది పోర్షన్ తిరుమల్‌ను పిలుస్తా, వీని బదులు వాడు సస్తడు."

ఆ వాక్కు చెవిసోకినంతనే ధర్మరాజు, అస్త్రమింకను వెడలకమునుపే, "హా!" యని ఆక్రోశించి, గుండె పట్టుకొని, గిరగిర తిరిగి, నీళ్ల పైపును కౌగిలించుకొని, జారి, కూలెను, కూలియు మరల లేచి, కాళ్లు తన్నుకొని, మరల కూలెను. ఇట్లు తనివితీర చచ్చి, ఒక కన్ను తెరచి, "మామ్మగారూ, ఇంకోసారి పడతానండీ. ముఖం సరిగ్గా వచ్చిందో లేదో!" అని వేడుకొనెను.

"సాలు సాలు, మంచిగ సచ్చినవు!" అనెను అనసూయమ్మ.

అష్టదిక్కులారా, ఆలకింపుడు! హిమజ గెలిచెను. ఆ చావు ఘట్టమున ఆమె కనబడునది రెప్పపాటే, తక్కినదంతయు ధర్మరాజు చావే. అయిననేమి? పడినవాడు వాడు, నిలిచినది ఆమె!