సైకిలిస్టు రాజీనామా

నిప్పు, చక్రం తర్వాత మానవజాతి సాధించిన మూడో ఘనకార్యం నగరంలోని సైకిల్ బాటేనని సైకిల్ ప్రోత్సాహక శాఖ నిర్ధారించింది. (నిర్ధారించడమే ఆ శాఖ పని.) పదకొండు కిలోమీటర్ల పొడవు, ఆకుపచ్చ రంగు, ఇటు బస్సులు, అటు లారీలు. మొదట్లో రెండు వందల మంది తొక్కేవారు. పొగ ముదిరేకొద్దీ ఒక్కొక్కరే దగ్గుకుంటూ జారుకున్నారు. చివరికి పుస్తకాల బైండరు ఒక్కడే మిగిలాడు.

బాట మొదట్లో లెక్కల బోర్డు ఉంది. రోజూ పొద్దున్నే బైండరు దాన్ని దాటగానే ‘నేటి సైకిలిస్టులు: 1’ అని వెలుగుతుంది. (సాయంత్రాలు బోర్డుకు సెలవు.) ఒకరోజు అతను క్యారేజీ మరిచిపోయి, సగం దారిలోంచి ఇంటికెళ్లి మళ్లీ వచ్చాడు. బోర్డు మూడు చూపించింది. శాఖ రెండు వందల శాతం వృద్ధి ప్రకటించి, ఉపసంచాలకుడికి పతకం ఇచ్చింది.

పక్కనే ఇంకో బోర్డు ‘గాలి: చాలా బాగుంది’ అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. గాలిని కొలిచే యంత్రం మహా సున్నితమైనది, దుమ్ము తగిలితే పాడైపోతుంది. అందుకని దాన్ని ఉపసంచాలకుడి ఏసీ గదిలో పెట్టారు. అక్కడి గాలి నిజంగానే చాలా బాగుంటుంది.

బైండరుకు సైకిలంటే ప్రాణం. కానీ మూడు నెలలుగా దగ్గు వదల్లేదు. “సైకిలన్నా మానెయ్, ఊపిరి పీల్చడమన్నా మానెయ్” అన్నాడు డాక్టరు. అది కూడా అతను పట్టించుకునేవాడు కాదేమో. అసలు భయం పదేళ్ల కూతురు. తనకూ సైకిల్ కొనమని ఇంట్లో ఒకటే గొడవ.

“ఆ పొగలోకి నిన్ను పంపుతానా? చస్తే పంపను!”

“మరి నువ్వు తొక్కట్లేదా నాన్నా?”

మర్నాటి నుంచి బైండరు బస్సెక్కాడు.

బోర్డు మీద సున్నా పడింది. పదిగంటలకల్లా మూడు కార్లు బైండరు పనిచేసే ప్రెస్సు ముందు ఆగాయి. ఇంజన్లు మాత్రం ఆగలేదు. ఉపసంచాలకుడు దిగి, బైండరు జిగురు చేతుల్ని పట్టుకున్నాడు.

“మావల్ల ఏం పొరపాటు జరిగిందండీ?”

“అయ్యో, అదేం లేదు సార్. దగ్గొస్తోంది.”

“బోర్డు చూశారుగా? గాలి చాలా బాగుంది!”

“అది మీ గదిలో గాలి సార్.”

“ఏ గదిదైతేనేం, గాలి గాలే కదండీ! సున్నా పడితే శాఖ ఎత్తేస్తారు. నలభై ఏడుమందిమి రోడ్డున పడతాం. ఒంటరిగా అనిపిస్తే చెప్పండి, అందరం కార్లేసుకుని మీ వెనకే వస్తాం.”

(నలభై ఏడుగురిలో సైకిల్ తొక్కేవారు లేరు. గాలి సంగతి వారికి శాఖాపరంగా తెలుసు.)

బైండరు వినలేదు. సరే, విరమణ దరఖాస్తు పెట్టుకోమన్నారు. ఆఫీసుకెళ్లి, కారణం దగ్గర ‘దగ్గు’ అని రాశాడు.

“దగ్గు చెల్లదండీ. ‘అభిరుచి మారినది’ అని రాయండి” అంది గుమస్తా.

రాశాడు. చివర్లో ఒక గడి ఉంది: ‘కుటుంబంలో సైకిల్‌పై ఆసక్తి గలవారు’. ఒక్క పేజీ తప్పినా పుస్తకం పనికిరాదని ఇరవై ఏళ్లుగా నమ్మిన మనిషి. గడి ఖాళీగా వదలడానికి చెయ్యి రాలేదు. ‘మా పాప, పదేళ్లు’ అని గుండ్రంగా రాశాడు. గుమస్తా ముద్ర కొట్టింది.

వారం తిరక్కుండా ఒకరోజు పొద్దున్నే ఇంటి ముందు శాఖవారి కారు ఆగింది. డిక్కీలోంచి చిన్న ఆకుపచ్చ సైకిల్ దింపారు.

“మీ విరమణ మంజూరైందండీ. మీ స్థానంలో పాపను నమోదు చేశాం” అన్నాడు ఉపసంచాలకుడు, నవ్వు మొహంతో.

బైండరు చేతులు అడ్డం పెట్టాడు. “వద్దు సార్, వెనక్కి తీసుకుపోండి!” అనేలోపే పాప సీటెక్కేసింది.

“నాన్నా, చూడు చూడు!”

“ఆగవే తల్లీ!”

చెప్పుల్లేకుండా వెంటపడ్డాడు. సందు మలుపు దాకా పరిగెత్తాడు. అక్కడ దగ్గు పట్టుకుంది. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి తలెత్తేసరికి, రెండు లారీల మధ్య పాప జడలు మాత్రం కనిపించాయి.

‘నేటి సైకిలిస్టులు: 1’ అని బోర్డు వెలిగింది.

ఆ ఏటి నివేదికలో శాఖ సగర్వంగా రాసుకుంది: నగర సైకిలిస్టుల సగటు వయసు నలభై నాలుగు నుంచి పదికి తగ్గినది.