పంచదార లేని సీసాల సంగ్రామం

వినుడు! గోడగడియారం తొమ్మిది కొట్టి, టైమరు ఆజ్ఞకు మొక్కల గదిలోని శ్వేతదీపసహస్రం భగ్గున మేల్కొన్న ఆ మహోదయవేళ, స్టీలు అరల దుర్గంలో నాలుగు వందల గాజుసీసాల నడుమ, నిశ్శర్కరదీక్షాధురంధర అయిన టెక్నీషియన్ తల పట్టుకుని కూలబడింది.

ఇరవై రోజులుగా సీసాల్లోని అంగుళమంత అరటిపిలకలకు, ల్యాబుల్లో అందరూ మేతగా పెట్టే పంచదార ఆమె పెట్టలేదు. వెలుతురూ కార్బన్ డయాక్సైడూ ఇచ్చి, మీ వంట మీరే వండుకోండని వదిలింది. మేనేజరమ్మ షరతు ఒక్కటే: ఇరవయ్యొక్క రోజులూ దీపాలు వెలిగినంతసేపూ గది గాలిలో ఆ గ్యాసు కొలిచే మీటరు వెయ్యి కిందికి దిగరాదు. దిగితే సీసాలన్నీ చెత్తతొట్టిపాలు, గది పంచదార పక్షానికి.

ఇవాళే ఆఖరి రోజు. నిన్న దీపాలార్పి, గ్యాసు మీట కట్టడం మరిచి, చీకట్లో మెతుకు ముట్టని మొక్కలకు రాత్రంతా విందు వడ్డించిన ఘనత ఆమెదే. సిలిండరు ఖాళీ. కొత్తది పదకొండుకి. మీటరు వెయ్యీ పన్నెండు... వెయ్యీ మూడు.

అంతలో సీసాల మేతలో లీటరుకు ముప్పై గ్రాముల చొప్పున ఇరవై రెండేళ్లు పంచదార తూచిన అఖండతులాధరుడు, పంచదార బాబాయి, తలుపు తోసుకొచ్చి మీటరు కిందే నిలబడ్డాడు.

"ఏమ్మా, పసివాళ్లని ఇంకా పస్తులే పెడుతున్నావా?"

బాబాయి వదిలిన ఊపిరికి మీటరు వెయ్యీ తొమ్మిది!

ఆ వీరనారి తలుపు మూసింది. "బాబాయ్, పంచదారకి బూజు పడుతుంది కదా. ఇన్నేళ్లూ నువ్వు పెంచింది మొక్కల్నా, బూజునా?"

"నన్నేనా? వినవే! నేను పెంచిన తోటల్లో నడిస్తే నీ చెప్పులరిగిపోతాయి! పాలు తాగే పిల్లని గాలి మింగమంటావా? వీటిలో ఒక్కదానికి వేరొస్తే నా త్రాసు నీ కాళ్ల దగ్గర పెడతా!"

వెయ్యీ ఎనభై.

"సరిగ్గా వినపడలేదు బాబాయ్. ఆ పై అర వైపు తిరిగి చెప్పు."

చెప్పాడు. ప్రళయఘోషతో, ఉచ్ఛ్వాసం తక్కువగా, నిశ్వాసం ఎక్కువగా, గంటన్నర చెప్పాడు. ఆమె మధ్యమధ్య మంచినీళ్లిచ్చింది. శత్రువుకు కాదు, ఆయుధానికి.

పదీ యాభైకి ఆయుధం హఠాత్తుగా మూగబోయింది. బాబాయి ఒక సీసాని దీపానికెత్తి గుడ్లప్పగించాడు.

"ఆగావేం? మాట్లాడు బాబాయ్, నీకు దణ్ణం పెడతా!"

"ఉండవే..." కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "వేరు! ఏయ్, వేరొచ్చిందే! తల్లీ, ఏం తిన్నావే నువ్వు?"

"నువ్వు తిట్టిన తిట్లే బాబాయ్."

బాబాయి మీటరు వంక చూశాడు, ఆమె వంక చూశాడు, నోరు గట్టిగా మూసుకున్నాడు. అప్పటికే పదకొండయింది, మేనేజరమ్మ వెనకే సిలిండరు దొర్లుకుంటూ వచ్చింది.

జయము, జయము! మీటరు వెయ్యికి మూడంటే మూడు అంకెల దూరం దాకా దిగినా, గది దక్కెను. ఒక అరటివేరు, రెండు మిల్లీమీటర్ల మేర, దిగ్విజయయాత్ర సాగించెను!