ఎమ్మిగనూరులో ఉంది, ఆదోనిలో లేదు

"పాత గదికి తాళమేసినావా బేటా? ఖాళీగా ఉందని దొంగనాయాళ్లు దూరితే ఏం గతి?"

ఆదోని నుంచి వహీదా బీ ఫోనులో అడుగుతుంటే ఎమ్మిగనూరులో కొడుకు సాదిక్ నవ్వాడు. అది నిజమైన గది కాదు. తన దుప్పట్ల వెబ్‌సైటు కోసం ఎక్కడో ఒక కంప్యూటరులో బాడుగకు తీసుకున్న చోటు. నిన్ననే ఫొటోలన్నీ కొత్త చోటికి మార్చాడు.

"సైటు పేరు అదే అమ్మీ. ఆ పేరు కొడితే యాడికి పోవాలనే అడ్రసు మారింది. అది అన్ని ఊర్లకూ తెలిసేదానికి ఒక దినం పడుతుంది. అంతవరకూ పాతది తెరిచే పెట్టాల."

"తెరిచే పెడతావా!"

హొళగుందలో తాను పెడుతున్న కొత్త లాడ్జికి కావలసిన దుప్పట్లు బసవరాజు ఆ రోజే సైటులో చూస్తానన్నాడు. ఆ ఆర్డరు రాకపోతే సాదిక్ మగ్గం ఆపి బెంగళూరుకు కూలికి పోవాల్సిందే. అయినా అమ్మ మళ్లీ మళ్లీ ఫోను చేసేసరికి, పోరు పడలేక పాత చోటు మూసేశాడు.

కాసేపటికే సైటు తెరిచి చూసిన అమ్మ ఫోను. "మూసేసినారని వస్తాంది బేటా!"

"ఈడ బాగానే కనపడతాంది కదమ్మీ."

"నాకు దడ పుడుతుందని అబద్ధం సెప్తాండావు."

ఎమ్మిగనూరుకు కొత్త అడ్రసు తెలిసింది. ఆదోని ఇంకా పాత తలుపే తడుతోంది. అమ్మ పక్కింటి మద్దమ్మ ఫోనులోనూ అదే కనిపించింది. మద్దమ్మ ఊరుకోక, సాదిక్ దగ్గర నేసే తన అన్న ఆదెప్పకు చెప్పింది. అతను మగ్గం దిగి వచ్చాడు.

"మూసేస్తాండావంట. నాకొక మాట సెప్పకూడదా అప్పా?"

"ఇంతసేపూ నువ్వు నేసింది యాడ అన్నా?"

"ఈడే. కానీ ఆదోనిలో మూసేసినారంట కదా!"

ఇంతలో వహీదా బీ, బసవరాజు తమ ఇంట్లో టీ తాగిపోయే మనిషే కదా అని అతనికే ఫోను చేసింది. అతను సైటు ఇంకా చూడనే లేదు.

"మావోడు దివాలా తీయలేదు నాయనా. పోలీసులు కూడా రాలేదు. నువ్వేం భయపడొద్దు."

ఆ తరువాత సాదిక్ ఎన్నిసార్లు చేసినా బసవరాజు ఫోను ఎత్తలేదు. పొద్దు వాలుతుండగా మనిషే వాకిట్లో దిగాడు.

"మీయమ్మ మాటలు విన్నాక ఫోనులో చూసి నమ్మేదెట్లప్పా? అందుకే వచ్చినా." దుప్పటి మడత విప్పి, చేత్తో పిండి చూశాడు. "ఈ మందం ఫొటోలో యాడ తెలుస్తాది! అన్ని గదులకూ ఇవే నేయించు."

సాదిక్ వెంటనే ఆదోనికి ఫోను చేసి చెప్పాడు.

"ఇంక దిగులు పడొద్దు అమ్మీ."

వహీదా బీ వెంటనే అడిగింది.

"హొళగుందలో లాడ్జి నడుస్తాదంటావా బేటా?"