గుర్నాథం గారి కాఠిన్యం

తిరుత్తణిలో స్టీలు పాత్రల అంగడి నడిపే గుర్నాథం గారు జన్మలో ఎవరినీ గట్టిగా కసిరిన మనిషి కాదు. అంతటి లోపమున్న తండ్రికి పుట్టి కూడా గుహన్ సినిమా సంగీత దర్శకుడయ్యాడంటే, అది ఆ పిల్లవాడి పూర్వజన్మ సుకృతమే అనుకోవాలి.

జరిగింది చాలా చప్పని సంగతి. పిల్లవాడు కీబోర్డు అడిగాడు, తండ్రి కొనిచ్చాడు. వాడు మేడమీద వాయించుకున్నాడు, ఈయన కింద గిన్నెలు అమ్ముకున్నాడు. శబ్దం విషయంలో ఎవరికీ ఎవరిమీదా ఫిర్యాదు లేదు.

ఈ చప్పిడి జీవితాన్ని చిత్రీకరించడానికి చెన్నై నుంచి ఒక చానల్ వాళ్ళు వచ్చారు. యాంకరు ప్రియంకది పొన్నేరి, తెలుగు పిల్ల. చాలాసేపు కెమెరా తిప్పించి, చివరకు తల పట్టుకుంది.

"ఆంటీ, అంకుల్ ఒక్కసారైనా కొట్టినాడా?"

"ఆయనా? ఈగను గూడా తోలడమ్మా" అంది గుహన్ తల్లి సుందరవల్లి.

"పోనీ, పాటలు వద్దని తిట్టినాడా? కన్నీళ్ళు లేకుంటే ఎవరు చూస్తారాంటీ! ప్రోగ్రామే కేన్సిల్ అంటారు."

ఇంటికి వచ్చిన ఆడపిల్లను ఉత్తచేతులతో పంపడానికి సుందరవల్లికి మనసొప్పలేదు. "ఒకసారి... కీబోర్డు ఎత్తి నేలకేసి కొట్టినాడమ్మా. ముక్కలయిపోయినాది" అని కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. గల్లాపెట్టె దగ్గరున్న గుర్నాథం గారు ఎవరింటి సంగతో అనుకుని, "అయ్యో పాపం" అన్నారు.

కార్యక్రమం ప్రసారమైంది. మరునాడు అంగడికి వచ్చిన ఆడవాళ్ళు ఆయనను ఎగాదిగా చూసి, గిన్నె కొనకుండానే వెళ్ళిపోయారు. బామ్మర్ది వెంకటపతి, "ఆ పొద్దు నేను అడ్డం పడకుంటే బావ పిల్లోడినే చంపేసుండును" అని కనిపించినవాళ్ళకల్లా చెప్పసాగాడు. ఆ రోజుల్లో వెంకటపతి ఉద్యోగం కోయంబత్తూరులో. చివరకు గుహనే ఫోన్ చేశాడు.

"నాయనా, నాకు గూడా ఆ శబ్దం లైటుగా గ్యాపకం వస్తా ఉంది. పోనీలే, నిన్ను క్షమించేసినా."

ఆ పూట గుర్నాథం గారికి అన్నం సహించలేదు. "నేనేం చేసినానే?" అని భార్యను అడిగారు.

"నాలుగు దినాలు ఓర్చుకోండి. పిల్లోడికి ఎంత పేరొచ్చినాదో చూడండి" అందావిడ, ఆయన ముఖం వంక చూడకుండా.

నాలుగు దినాలు కాకముందే గాలి మళ్ళింది. లోకం దీర్ఘంగా ఆలోచించి ఒక శాస్త్రీయ నిర్ణయానికి వచ్చింది: సంగీతం వచ్చేది కొనిచ్చిన వాద్యం వల్ల కాదు, పగిలిన వాద్యం వల్ల. తిరువళ్ళూరులో కీబోర్డులకు గిరాకీ పెరిగింది. ఏది తేలిగ్గా పగులుతుందో అడిగి మరీ కొన్నారు. తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకుని తిరుత్తణికి వచ్చి, "సామీ, మా పాపను ఒక్క మాట కసరండి. మీ నోటి చలవ!" అని బతిమాలారు. కసరడం చేతకాక ఆయన తలొక స్పూను ఇచ్చి పంపారు.

తిరువళ్ళూరులో ఒక వర్తక సంఘం ఆయనకు సన్మానం తలపెట్టింది. "కొడితేనే గదా మద్దెల పలికేది! తల్లి కంటుంది, తండ్రి పగలగొడతాడు, అప్పుడు పుడతాడు కళాకారుడు!" అని అధ్యక్షులు కోదండరామ గారు ఉపన్యసించారు. జ్యోతి వెలిగించడం పాతబడింది కనుక, గౌరవ అతిథి చేత ఒక కీబోర్డు పగలగొట్టించి సభ ప్రారంభిస్తామన్నారు. సభ్యుడు వీరరాఘవ ఈ సత్కార్యానికి తన కూతురు రమ్యశ్రీ కీబోర్డును సమర్పించాడు. ఆ పిల్ల వేదిక పక్కన నిలబడి దాన్నే చూస్తోంది.

గుర్నాథం గారి చేతికి కీబోర్డు అందించారు. "నేను పగలగొట్టలేదయ్యా! వాడు అడిగినాడు, కొనిచ్చినాను. అంతే!"

"ఆహా, ఎంత వినయం!" అన్నారు అధ్యక్షులు. చప్పట్లు మోగాయి.

గుర్నాథం గారు కీబోర్డును ఎవరికీ అందకుండా గుండెకు హత్తుకున్నారు.

"చూడండి, పశ్చాత్తాపం!" అన్నారు అధ్యక్షులు. సభలో సగంమంది ఏడ్చారు.

ముందు వరుసలో సుందరవల్లి ఇక ఉండలేక లేచింది. "ఆయన దేవుడయ్యా! నేనే అబద్ధం చెప్పినాను!"

"మొగుణ్ణి కాపాడుకునే ఇల్లాలంటే ఇట్లుండల్ల!" అని మిగతా సగమూ ఏడ్చింది.

గుర్నాథం గారు దిగి వచ్చి కీబోర్డును రమ్యశ్రీ చేతుల్లో పెట్టారు. "నీకెట్ల తోస్తే అట్ల వాయించుకో తల్లీ" అని, భార్య చెయ్యి పట్టుకుని స్టేషను వైపు నడిచారు.

అంతమంది ఎదుట తన బిడ్డ భవిష్యత్తుకు అన్యాయం జరిగినందుకు వీరరాఘవ మనసు చివుక్కుమంది. అయినా మంచి తండ్రి పరులమీద ఆధారపడడు. ఇంటికి చేరగానే తలుపు వేసి, ఆ పని తన చేతులతోనే పూర్తిచేశాడు. రమ్యశ్రీ ఘొల్లుమంది. అతను ఒక నిమిషం చెవి ఒగ్గి విని, వంటింటివైపు తిరిగి ఆనందంతో కేక పెట్టాడు:

"ఇదో, వింటివా? శ్రుతిలోనే ఏడుస్తా ఉండాది!"